కన్న లెక్క

ఈ పుస్తకం రాసిన అమ్మాయి నా దగ్గర ఎనిమిదో తరగతి లెక్కలు చదువుకుంది. మొన్న కాగితాల కట్ట తెచ్చి నా మంచం మీద పెట్టి, దాని మీద ఒక ఎర్ర పెన్ను పెట్టింది. "ముందుమాట తర్వాత అయ్యోరా, ముందు దిద్దండి" అంది. మా బేరిగైలో పిలుపు అట్లాగే ఉంటుంది. 'సార్' అనే అలవాటు హోసూరు బస్సెక్కినాక వస్తుంది. సరేనని దిద్దాను. ఇరవై రోజులు పట్టింది. మొదటి పది రోజులు తప్పుల కోసం చదివాను, తర్వాతి పది రోజులు పోట్లాట కోసం చదివాను. తప్పులు తక్కువే దొరికాయి. పోట్లాట మాత్రం కడుపు నిండా దొరికింది.

పుస్తకమంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. లెక్క అనేది ముందే ఉండి మనం వెతికి పట్టుకున్నదా, మన అవసరానికి మనం చేసుకున్నదా? రెండు రెళ్ళు నాలుగు అనేది మనిషి పుట్టకముందు కూడా నిజమేనా? ఎనిమిదో తరగతి పిల్ల అడిగితే "హోంవర్కు చేశావా" అని తప్పించుకోగల ప్రశ్న ఇది. అదే పిల్ల పెద్దదై పుస్తకం రాసి తెస్తే తప్పించుకోవడానికి దారి లేదు.

నాకు ఈ ప్రశ్న మా ఊరి మీదుగా అర్థమైంది. నేను పుట్టినప్పుడు బేరిగై సేలం జిల్లాలో ఉండేది. 1965లో ధర్మపురి జిల్లా ఏర్పడింది, మేము అందులోకి పోయాం. 2004లో కృష్ణగిరి జిల్లా వచ్చింది, ఇందులోకి వచ్చాం. ఉన్న ఇల్లు మారకుండా మూడు జిల్లాల్లో కాపురం చేసినవాణ్ణి నేను. ఆ గీతలు గీసింది మనుషులే, గెజిట్టులో వేసిందీ మనుషులే. కానీ వాన కురిస్తే నీళ్ళు ఏ పక్కకు పారాలో ఏ గెజిట్టూ చెప్పదు. అది నేల వాలు చెబుతుంది. లెక్క గెజిట్టు జాతిదా, వాలు జాతిదా? అమ్మాయి వాలు అంటుంది, పుస్తకం మొదటినుంచి చివరిదాకా అదే పట్టు. నేను అంత తొందరగా ఒప్పుకునే మనిషిని కాను.

అసలు ఈ ప్రశ్నను తెలుగులో అడగడమే కష్టమని మొదటి అధ్యాయంలో ఆమె గుర్తుపట్టింది. ఆ పేజీ దగ్గర నేను ఎర్ర పెన్ను మూత పెట్టేశాను. గ్రాహంబెల్ టెలిఫోను కనిపెట్టాడంటాం. న్యూటను గురుత్వాకర్షణను కనిపెట్టాడంటాం. లేనిదాన్ని చేసినా, ఉన్నదాన్ని చూసినా మనకు ఒకే మాట. దొంగతనాన్ని కనిపెట్టడానికీ అదే మాట, ఇంట్లో ముసలాణ్ణి కనిపెట్టుకుని ఉండడానికీ అదే మాట. ఇంగ్లీషువాళ్ళకు ఈ రెండు పనులకూ రెండు మాటలున్నాయి, అందుకే వాళ్ళకు తగువు ముందుగా వచ్చింది. ఇంకా చిత్రం చూడండి. మా సందులో ఒకింట్లో తమిళం, ఒకింట్లో కన్నడం. తమిళంలో కండుపిడి, కన్నడంలో కండుహిడి. రెండూ చూసి పట్టుకోవడమే, రెండూ రెండు పనులకూ చెల్లుతాయి. ముగ్గురు ఇరుగుపొరుగులూ కూడబలుక్కున్నట్టు తగువు లేని మాటనే వాడుకున్నారు.

ఇక్కడితో ఆమె ఆగింది. ఒక మెట్టు ముందుకు పోయి ఉండాల్సింది. కను అనే మాటకు తెలుగులో ఇంకో అర్థం ఉంది. తమిళంలో పెట్ర తాయి, కన్నడంలో హెత్త తాయి, మనకు మాత్రం కన్నతల్లి. చూడడమూ కనడమే, బిడ్డను ఈ లోకంలోకి తేవడమూ కనడమే. లెక్కను కన్నారు అంటే ఏ కనడమో తేలదు. తేలకపోవడమే సరి అని నా వాదం. తల్లి లేకపోతే బిడ్డ లేదు, అంతవరకూ అది మనిషి పని. కానీ మా అమ్మ అంటుండేది, బిడ్డను కంటాం గానీ బిడ్డ రాతను కంటామా అని. కన్న తర్వాత ఆ బిడ్డ ముక్కు ఎట్లా ఉండాలో, ఎవరితో పోట్లాడాలో తల్లి చేతిలో లేదు. లెక్కా అంతే. ఈ మాట ఆమెకు చెప్పాను. "బాగుంది అయ్యోరా" అంది. ఆ గొంతులో ఏదో దాచుకుంది. అదేమిటో తర్వాత చెబుతాను.

పుస్తకానికి గుండెకాయ మూడో అధ్యాయం. దాని వెనక నా తప్పు ఒకటుంది కాబట్టి ఒప్పుకోవాలి. గ.సా.భా. పాఠం చెబుతున్న రోజున ఈ అమ్మాయి లేచి, "మా అమ్మ నాలుగు వరసలు, వరసకు ఆరు చుక్కలు పెట్టి మెలికల ముగ్గు వేస్తే ఒక్క గీతలో రాదు, ఏంటికి?" అని అడిగింది. "మీ అమ్మ చెయ్యి ఎక్కడో తప్పి ఉంటుంది" అన్నాను. పిల్లలు నవ్వారు. ఆమె నవ్వలేదు.

చెయ్యి తప్పలేదు. చుక్కను తాకకుండా, పక్కపక్క చుక్కల నడిమినుంచి ఏటవాలుగా పోతూ, అంచు రాగానే మలుపు తిరిగి వచ్చే సాదా మెలికల ముగ్గును తీసుకోండి. మూడు వరసలు, వరసకు నాలుగు చుక్కలు పెడితే మొదలుపెట్టిన గీతే అన్ని చుక్కల్నీ చుట్టి మొదటికి వస్తుంది. అయిదూ ఆరూ పెట్టినా ఒక్క గీతే. నాలుగూ ఆరూ పెడితే రెండు గీతలు కావాలి. అయిదుకు అయిదు పెడితే అయిదు గీతలు. గీతల సంఖ్య అంటే ఆ రెండు సంఖ్యల గ.సా.భా., అంతే! నేను ఆ రోజు నల్లబల్ల మీద రాస్తున్న పాఠానికి ఉదాహరణ ఆ పిల్ల వాకిట్లో ఉంది. నేను దాన్ని చెయ్యి తప్పడం అన్నాను.

ఈ సంగతి లోకంలో తానే మొదట చూశానని ఆమె చెప్పుకోలేదు. ముగ్గుల్ని కంప్యూటరు శాస్త్రం కంటితో చూసే పని మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, ఆయన తోటివారు 1970ల్లోనే మొదలుపెట్టారు. అంగోలాలో చోక్వే ప్రజలు ఇసుకలో చుక్కలు పెట్టి వేలితో గీసే బొమ్మల్లో ఇదే లెక్క నడుస్తుందని మొజాంబిక్‌లో పనిచేసిన పౌలుస్ గెర్డెస్ చూపించాడు. అక్కడ కథ చెప్పే మగవాళ్ళు గీస్తారు, ఇక్కడ తెల్లారుజామున ఆడవాళ్ళు గీస్తారు. ఒకరి పేరు ఒకరికి తెలియదు. చుక్కలు పెట్టాలన్నది ఎవరి ఇష్టం వాళ్ళది, ఎన్ని పెట్టాలన్నదీ ఇష్టమే. పెట్టాక ఎన్ని గీతలు పడతాయన్నది మాత్రం ఎవరి ఇష్టమూ కాదు. వాలు జాతి అని ఆమె పట్టుబట్టడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం నేను చూడలేదు. ఆమె తల్లి ఇప్పుడు లేదు. అధ్యాయం చివర ఆ మాట ఒక్క వాక్యంలో ఉంది, కదిలించకుండా వదిలేశాను.

పావులూరి మల్లన మీద రాసిన అధ్యాయం పండితులకు నచ్చుతుంది, నాకు పండితుల కంటే ఎక్కువ నచ్చింది. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం రాశాడు. మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో శాస్త్ర గ్రంథమంటే మొదట తలుచుకునేది దీన్నే. మహావీరుడు జైనుడు, మల్లన శైవుడు. జినుడున్న చోట శివుణ్ణి పెట్టాడు, కొన్ని లెక్కలు తీసేశాడు, కొన్ని కొత్తవి చేర్చాడు. అనువాదకుడికి ఆ చొరవ ఉంది. ఈ అమ్మాయి ఒక్క మాట రాసింది, దాని కింద నేను గీత గీసుకున్నాను: మల్లన దేవుణ్ణి మార్చగలిగాడు గానీ జవాబును మార్చలేకపోయాడు.

మహావీరుడికి ఒక సరదా ఉండేది. కొన్ని గుణకారాలు చేస్తే జవాబు రాజుల మెడలో హారంలా రెండు పక్కలనుంచీ ఒకేలా కనిపిస్తుంది. 142857143ను ఏడుతో గుణించి చూడండి, 1000000001 వస్తుంది. 152207ను 73తో గుణిస్తే ఎనిమిది ఒకట్లు. మా బడిలో కాలిక్యులేటర్లు లేని కాలంలో ఇటువంటివి ఇచ్చి పిల్లల్ని గంట సేపు కూర్చోబెట్టేవాణ్ణి. జవాబు వచ్చినప్పుడు వాళ్ళ ముఖాలు చూడాలి. నేను దాచిపెట్టింది వాళ్ళు తవ్వుకున్నట్టు ఉండేది. దాచింది నేను కాదని వాళ్ళకు తెలియదు.

అదే అధ్యాయంలో ఆమె నాలుగు పుస్తకాల్ని పక్కపక్కన పెట్టింది. తెలుగులో మల్లన, కన్నడంలో పన్నెండో శతాబ్దపు రాజాదిత్యుడి వ్యవహారగణితం, తమిళంలో కారి నాయనార్ కణక్కదికారం, మలయాళంలో 1530 ప్రాంతంలో జ్యేష్ఠదేవుడు రాసిన యుక్తిభాష. చివరిది కేరళ గణితవేత్త మాధవుడి పద్ధతులకు రుజువుల్ని ఇంటి భాషలో చెప్పింది. ఒకటిలోంచి మూడో వంతు తీసి, అయిదో వంతు కలిపి, ఏడో వంతు తీసి, అట్లా పోతూ ఉంటే వృత్తం లెక్క తేలుతుందన్నది మాధవుడి పరంపర చెప్పిన సంగతి. యూరపులో గ్రెగరీ, లైబ్నిజ్ 1670ల్లో అక్కడికి చేరారు. కేరళలో ఈ సంగతి ముందే ఉందని ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి విష్ రాసిన వ్యాసం 1834లో అచ్చయ్యేదాకా వాళ్ళకు తెలియదు. లెక్క అందరి సొత్తు అని చెప్పడానికి ఇంత బలమైన పేజీలు రాసి, పక్కనే గ్రీకుల గురించి పద్దెనిమిది పేజీలు ఎందుకు పెట్టిందో నాకు అర్థం కాలేదు. యూక్లిడ్ గురించి ఎవరైనా రాస్తారు. తగ్గించమన్నాను, ఆరు పేజీలు తగ్గించింది.

ఇక పోట్లాట. అదే మహావీరాచార్యుడు ఇంకో మాట అన్నాడు. ఋణ సంఖ్య స్వభావం చేతనే వర్గం కాదు, కనుక దానికి వర్గమూలం లేదని. చూశాడు, కనిపించలేదు, లేదన్నాడు. నిజాయితీ గల మాట. ఏడు వందల ఏళ్ళ తర్వాత ఇటలీలో బొంబెల్లి 1572లో, ఉందనుకుని లెక్క చేస్తే ఏమవుతుందో నియమాలు రాసి చూపించాడు. లేనిదాన్ని ఉందనుకోవడం కనుగొనడం ఎట్లా అవుతుంది? అది చేసుకోవడమే కదా, ఇక్కడ గెజిట్టు గెలిచింది కదా అని అంచున ఎర్రగా రాశాను. ఆమె దాని కింద నల్ల పెన్నుతో రాసి పంపింది: మీ ఇంటికి వచ్చే కరెంటు ఏసీ కరెంటు. దాని లెక్కను ఆ లేని సంఖ్యలతో సులువు చెయ్యవచ్చని స్టైన్మెట్జ్ 1893లో చూపించాడు. లేనిదైతే ఇంత ఒద్దికగా ఎట్లా కుదిరింది అయ్యోరా? నేను ఇంకా జవాబు రాయలేదు. ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది.

అయినా ఒక చోట నేను గెలిచాననే అనుకుంటున్నాను. దేవలాలిలో బడిపంతులుగా పనిచేసిన కాప్రేకర్‌కు 1949లో 6174 అనే సంఖ్య తగిలింది. నాలుగు అంకెల సంఖ్య ఏదైనా తీసుకోండి, అన్నీ ఒకే అంకె కాకుండా. పెద్దదిగా పేర్చి, చిన్నదిగా పేర్చి, తీసెయ్యండి. వచ్చినదానితో మళ్ళీ అదే పని. ఏడు సార్లకు మించకుండా 6174 దగ్గరికి వచ్చి ఆగిపోతారు. మా జిల్లా పుట్టిన 2004 వేశాను. 4200లోంచి 24 తీస్తే 4176, 7641లోంచి 1467 తీస్తే 6174. రెండడుగులు. పాత జిల్లా 1965 వేస్తే మూడు అడుగులు. అమ్మాయి దీన్ని చూపించి, ఇది కాప్రేకర్ చేసినది కాదు, ఆయనకు దొరికినది అంటుంది.

నాకు మన పాత కరణాలు గుర్తొచ్చారు. వాళ్ళు పూర్ణాంకాల్ని పదుల్లో రాసేవారు, భిన్నాల్ని మాత్రం నాలుగుల్లో రాసేవారు. ఒకటిలో నాలుగో వంతు పావు, పావులో పావు వీసం, ఇంకా కిందికి అట్లాగే. ఒక స్థానానికి నిలువు గీతలు, తర్వాతి స్థానానికి అడ్డగీతలు. ఈ గుర్తుల్ని 2008లో యూనికోడులో చేర్చారు కాబట్టి ఇప్పుడు కంప్యూటరుకు కూడా తెలుసు, మన పిల్లలకే తెలియదు. పదుల్లో రాయడం మన చేతి వేళ్ళ పుణ్యం. ఆ కరణాల పద్ధతిలో పూర్ణాంకాల్ని కూడా నాలుగుల్లోనే రాసి ఉంటే? ఒక రాత్రి కూర్చుని వేశాను. అప్పుడు 6174 ఊసే ఉండదు. కొన్ని సంఖ్యలు 3021 దగ్గర ఆగుతాయి, అది నాలుగుల లెక్కలో రాసిన 3021. కొన్ని అసలు ఆగవు. 1332 నుంచి 2022కు, 2022 నుంచి మళ్ళీ 1332కు, అత్తింటికీ పుట్టింటికీ తిరిగినట్టు తిరుగుతూనే ఉంటాయి. కాబట్టి కాప్రేకర్ సంఖ్యకు సగం తల్లి మన పది వేళ్ళే. రామానుజన్ చెప్పిన 1729 అటువంటిది కాదు. పన్నెండు ఘనమూ ఒకటి ఘనమూ కలిపినా, పది ఘనమూ తొమ్మిది ఘనమూ కలిపినా అదే. ఏ పద్ధతిలో రాసినా ఆ చుట్టరికం చెడదు. లెక్కల్లో అన్నీ ఒక జాతివి కావని, ఒక్కొక్క దానిలో గెజిట్టు పాలెంతో వాలు పాలెంతో విడివిడిగా తూచుకోవాలని నేను చెప్పాలనుకున్నది ఇదే. ఆ రాత్రే ఫోను చేశాను. "ఈ నాలుగుల లెక్క మీరు చేశారా, మీకు దొరికిందా?" అని అడిగింది. నిద్ర వస్తోందని పెట్టేశాను.

రామానుజన్ అధ్యాయం గురించి పెద్దగా చెప్పడానికి లేదు. అందరూ రాసేదే ఆమె కూడా రాసింది. ఒక్క సంగతి మాత్రం బాగా పట్టుకుంది. ఈరోడ్‌లో పుట్టిన ఆయన తనకు తోచినదంతా నామక్కల్ నామగిరి అమ్మవారి దయ అన్నాడు. ఆయన్ని కేంబ్రిడ్జికి పిలిపించిన హార్డీకి దేవుడంటే గిట్టదు. అయినా ఈ తగువులో ఇద్దరిదీ ఒకే పక్షం. లెక్క మన బయట ఉందని, మనం చూసి రాసుకుంటామని హార్డీ 1940లో అచ్చైన తన పుస్తకంలో వాదించాడు. గుడి మెట్లు ఎక్కినవాడూ ఎక్కనివాడూ ఒకే చోటికి చేరారు.

ఇప్పుడు ఆమె దాచుకున్న మాట చెబుతాను. నేను కన్నతల్లి మాట చెప్పిన వారానికి కొత్తగా ఒక అధ్యాయం రాసి పంపింది. అందులో హంగరీ కుర్రవాడు బోయాయ్ ఉన్నాడు. సమాంతర రేఖల గురించి యూక్లిడ్ పెట్టిన నియమాన్ని పక్కన పెట్టి ఇంకో జ్యామితి కట్టాడు. ఏమీ లేని చోట కొత్త లోకాన్ని పుట్టించానని 1823లో తండ్రికి ఉత్తరం రాశాడు. 1832లో తండ్రి పుస్తకానికి అనుబంధంగా అది అచ్చయింది. తీరా చూస్తే రష్యాలో కజాన్‌లో లొబచేవ్‌స్కీ అదే లోకాన్ని 1829లోనే అచ్చు వేసి ఉన్నాడు. ఆ పక్కనే మన సి.ఆర్. రావు ఉన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి కలకత్తాలో పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి లేచి ప్రశ్న అడిగాడు. దానికి జవాబుగా తేలిన సంగతి 1945లో అచ్చయింది. మన అంచనాలో ఉండే పొరపాటును ఎంతవరకు తగ్గించుకోవచ్చో, అంతకు కిందికి పోవడం ఎందుకు కుదరదో చెప్పే హద్దు అది. ఆ మరుసటి ఏడు స్వీడన్‌లో క్రామర్ పుస్తకంలో అదే హద్దు విడిగా వచ్చింది. ఇప్పుడు లోకం ఇద్దరి పేర్లూ కలిపి పిలుస్తుంది. ఇంత చెప్పి, అధ్యాయం చివర నన్ను పేరు పెట్టకుండా అడిగింది: ఒకే బిడ్డను ఇద్దరు తల్లులు కంటారా?

ఈ వయసులో శిష్యురాలి చేతిలో ఓడిపోవడం సుఖంగానే ఉంటుంది. నా పోలిక అక్కడ చెల్లలేదు. అయినా పోలికను ముందుమాటలోంచి తీసెయ్యలేదు. తీసేస్తే ఆమె అధ్యాయానికి ఎదురు ఉండదు.

భాష గురించి రెండు మాటలు. ఇప్పుడు తమిళనాడులో తెలుగు ఇళ్ళ పిల్లలు చాలామంది తెలుగు మాట్లాడతారు, చదవలేరు. పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చింది. తమిళం నేర్చుకోవడం మంచిదే, నేనూ తమిళ పత్రికే ముందు చదువుతాను. కానీ లెక్కల పుస్తకం తెలుగులో రాస్తే ఎవరు చదువుతారని ఈమెను అడిగినవాళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారు. ఆమె రాసిన తెలుగు అచ్చంగా ఇక్కడిది. కఠినమైన పారిభాషిక పదం వచ్చిన ప్రతిచోటా ఇంటిమాట ఒకటి పక్కన పెట్టింది. క.సా.గు. అంటే ఏదో సాగుబడి అనుకుని, ఏ పంటకు చేస్తారని నన్ను అడిగిన రైతుబిడ్డలు మా బడిలో ఉండేవాళ్ళు. ఆ కథను పుస్తకంలో వాడుకుంది, పేర్లు మార్చింది, సంతోషం. ఒక్క లోపం చెప్పాలి. రుజువులు ఇవ్వవలసిన రెండు చోట్ల "సులభంగా తెలుస్తుంది" అని దాటేసింది. ఈ అలవాటు నా దగ్గర నేర్చుకున్నదే, కాబట్టి గట్టిగా అనలేను.

ఈ మాటలు రాయడం ముగించేసరికి తెల్లారింది. నా కోడలు వాకిలి కడిగి ముగ్గుబుట్ట తీసుకుంది. పుస్తకం సంగతి ఆమెకు తెలియదు. ఆరు వరసలు పెట్టింది, వరసకు తొమ్మిది చుక్కలు. నేను అరుగు మీదనుంచి లోపలికి పోయి కళ్ళద్దాలు వెతుక్కుని వచ్చేలోగా మూడో గీత మొదలు చివరా కలిపేసి, చెయ్యి దులుపుకుని లేచింది.

బేరిగై